పికప్ ఎడమకి ఒరుగుతోంది, షాకబ్జర్లు మార్చినా అంతే. ఎక్కడ మొదలుపెట్టాలి?

రొయ్యల_బండి (భీమవరం) · జూన్ 8, రాత్రి 9:40
అందరికీ నమస్తే. నాది రొయ్యల ట్రేలు తోలే పికప్. టన్నుంపావు మోస్తుంది. ముందు టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఇనుప కడ్డీలు), వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు), పైన ఐసు బాక్సు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని రెండేళ్ళయింది. మూడు నెలలుగా ఎడమ పక్కకి ఒరిగి నడుస్తోంది. ఖాళీగా ఉన్నా అంతే, లోడేసినా అంతే. ఎదురుగా నిలబడి చూస్తే ఎడమ హెడ్‌లైటు బొటనవేలి మందాన కిందికి కనబడుతుంది.

మెకానిక్ మొదట ముందు షాకబ్జర్లు రెండూ మార్చాడు. రూ. 5,400 అయింది, తేడా ఏమీ లేదు. తర్వాత ఎడమ టార్షన్ బార్ బోల్టు బిగించాడు. బండి నిటారుగా నిలబడింది, హమ్మయ్య అనుకున్నా. పది రోజులు తిరక్కుండా మళ్ళీ ఒరిగింది. ఇప్పుడేమో "ఛాసిస్ వంగి ఉంటుంది, యాక్సిడెంట్ బండి కొన్నట్టున్నావు" అంటున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి టెన్షన్. లోను ఇంకా 14 నెలలు కట్టాలి. తెలిసినవాళ్ళు దారి చెప్పండి.

పల్లెటూరి_పైలట్ · జూన్ 8, రాత్రి 9:58
ఎదురుగా నిలబడి చూశానంటున్నావు. ఎడమంటే నీ ఎడమా, బండి ఎడమా? అది ముందు తేల్చు బ్రో. మా ఊళ్ళో ఒకాయన ఇలాగే చెప్పి కుడి చక్రం ఊడదీయించుకున్నాడు.

రొయ్యల_బండి · జూన్ 8, రాత్రి 10:03
స్టీరింగ్ ముందు కూర్చుంటే నా ఎడమ. క్లీనర్ వైపు.

అలైన్‌మెంట్_అన్న · జూన్ 8, రాత్రి 10:20
ఇంత ఆలోచన దేనికి? వీల్ అలైన్‌మెంట్ చేయించు. కంప్యూటర్ అలైన్‌మెంట్. పక్కకి పోయే బండికి మొదటి మందు అదే.

స్పానర్_మామ (విజయవాడ, ఆటోనగర్) · జూన్ 8, రాత్రి 10:47
అలైన్‌మెంట్ తమ్ముడూ, నువ్వు చెప్పేది బండి పక్కకి లాగడం. ఇతను చెప్పేది ఒరగడం. రెండూ వేరు. స్టీరింగ్ వదిలితే పక్కకి పోయేది లాగుడు. నిలబడి ఉన్నప్పుడే ఒక భుజం దించుకుని ఉండేది ఒరుగుడు. ఒరిగిన బండికి ఇవాళ అలైన్‌మెంట్ చేయించి, రేపు ఎత్తు సరిచేస్తే ఆ అలైన్‌మెంట్ గంగలో కలిసినట్టే. ఎత్తు మారితే చక్రాల కోణాలు మారతాయి. అది అన్నిటికన్నా చివర చేయించే పని.

రొయ్యల నాయనా, షాకబ్జర్ బరువు మొయ్యదు. ఊగే బండిని ఆపడం వరకే దాని పని. విప్పి చేత్తో నొక్కితే దిగిపోయే సామాను టన్నున్నర బండిని ఎలా నిలబెడుతుంది? గ్యాసు షాకబ్జరైతే కాస్త పైకి తోస్తుంది గానీ ఆ తోపుతో నీ ఒరుగుడు పోదు. నీ 5,400 పంటి నొప్పికి చెవిలో చుక్కల మందు వేయించుకున్నట్టయింది. చిన్న కార్లలో షాకబ్జర్ బదులు ఉండే స్ట్రట్ సంగతి వేరు, స్ప్రింగు దాని మీదే కూర్చుంటుంది. నీ బండిలో అలా కాదు.

బరువు మోసేవి నాలుగే. ముందు రెండు టార్షన్ బార్లు, వెనక రెండు కమాన్ కట్టలు. వాటిలో ఏది దిగిందో కళ్ళతో చూసి చెప్పలేం. టేపు తీసుకో. నాలుగు టైర్లలో గాలి సమానంగా పట్టించి, చదునైన చోట నిలబెట్టి, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలువు. నేల నుంచి కొలవకు. టైరు అరుగుదల తేడా ఉంటే అదీ కలిసి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది.

నీళ్ళ_ట్యూబు (కరీంనగర్) · జూన్ 8, రాత్రి 11:15
మామగారికి నమస్కారం. నేను సివిల్ పని చేసేవాణ్ణి, "చదునైన చోట" అన్న మాట దగ్గర ఆగాలి. తారు రోడ్డుకి వాన నీళ్ళు పోవడానికి నడుమ నుంచి పక్కలకి వాలు పెడతాం, మామూలుగా నూటికి రెండు, రెండున్నర. అంటే మీటరుకి 25 మిల్లీమీటర్ల దాకా. పికప్ ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు అనుకుంటే ఎడమ చక్రం కుడి దానికన్నా 35 మిల్లీమీటర్లు కిందుంటుంది. మనం ఎడమ పక్కన నడిపేవాళ్ళం, ఎడమ పక్కనే ఆపేవాళ్ళం. కాబట్టి రోడ్డు వార ఆపి చూస్తే మన దేశంలో ఏ బండైనా ఎడమకే ఒరుగుతుంది. పెట్రోలు బంకు నేలకీ వాలుంటుంది, ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళానికీ ఉంటుంది.

ఊళ్ళో తాపీ మేస్త్రీ ఎవరినైనా నీళ్ళ ట్యూబు (లెవెల్ చూడటానికి నీళ్ళు నింపిన సన్న గొట్టం) అడుగు. నాలుగు చక్రాలు నిలబడే నాలుగు చోట్లా లెవెల్ చూసుకో. తేడా ఉంటే కింద పాత రేకు ముక్కలు వేసి సమం చేసుకుని అప్పుడు కొలువు.

కూకట్‌పల్లి_కారు · జూన్ 9, ఉదయం 7:30
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా చిన్న కారు కూడా ముందు కుడివైపు దిగింది. సర్వీసు వాళ్ళు అంతా బాగానే ఉందన్నారు. చక్రం విప్పి టార్చి వేసి చూస్తే కాయిల్ స్ప్రింగు కింది చుట్టు విరిగి, దాని పళ్ళెంలోనే కూర్చుని ఉంది. అంగుళంన్నర ముక్క చేతికొచ్చింది. మీకు ముందు కాయిల్ లేదు గానీ, ఇదే సమస్యతో ఈ చర్చ చదివేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ఐసు_ఫ్యాక్టరీ (కాకినాడ) · జూన్ 9, ఉదయం 8:12
రొయ్యల బండి గారూ, మీ ఐసు బాక్సు వయసెంత? మా దగ్గర పాత బాక్సుల్లో లోపలి రేకు పగిలి, గోడల మధ్య ఫోములోకి నీళ్ళు చేరి, ఖాళీ బాక్సు కూడా బరువెక్కిపోయిన సందర్భాలున్నాయి. ఒక పక్కే పగిలితే ఆ పక్కే బరువు. కాటా దగ్గరకి వెళ్ళి, ఎడమ చక్రాలు రెండే ప్లాట్‌ఫాం మీదికి ఎక్కించి తూకం చూడండి, తర్వాత కుడివి. కాటా పళ్ళెం, పక్క నేల ఒకే ఎత్తులో ఉన్న చోటే చెయ్యాలి.

నీళ్ళ_ట్యూబు · జూన్ 9, ఉదయం 8:20
ఇది మంచి మాట. పైగా కాటా పళ్ళెం దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి కొలతలూ అక్కడే తీసుకోవచ్చు. ట్యూబు మాత్రం మర్చిపోవద్దు.

రొయ్యల_బండి · జూన్ 10, సాయంత్రం 6:35
ఇవాళ చెరువుల్లో రొయ్యల పట్టుబడి లేదు, పొద్దున్నే కాటాకి పోయాను. కాటా ఆయన "రొయ్యలు లేకుండా ఏం తూస్తావు?" అని నవ్వాడు. వివరాలు:

ఖాళీ బండి, అర ట్యాంకు డీజిల్. ఎడమ 860 కిలోలు, కుడి 820.

చక్రం నడిమధ్య నుంచి ముందు మడ్‌గార్డ్ అంచు: కుడి 468 మి.మీ., ఎడమ 450.

వెనక బాక్సు అడుగు సరిగ్గా బిగించి ఉందో లేదో నమ్మకం లేక, ఇరుసు గొట్టం పైనుంచి ఛాసిస్ పట్టీ అడుగు దాకా కొలిచా: కుడి 176, ఎడమ 165.

ముందు తేడా 18, వెనక 11. ముందే ఎక్కువ తేడా ఉంది కదా, అయితే తప్పు ముందు ఎడమదేనా?

టార్షన్_తంబి (తిరుపతి) · జూన్ 10, సాయంత్రం 6:50
కచ్చితంగా ముందు ఎడమ టార్షన్ బారే. బలం పోయింది. కొత్తది వేయించు. ఎడమది, కుడిది వేరుగా ఉంటాయి, చివర గుర్తు చూసి కొనాలి. తయారీలోనే ఒక వైపుకి మెలిపెట్టి ఇస్తారు కాబట్టి అటుది ఇటు వేస్తే నిలవదు.

స్పానర్_మామ · జూన్ 10, రాత్రి 9:05
తంబీ, గుర్తు సంగతి నిజమే. కానీ తీర్పు తొందరపడి ఇచ్చావు. రొయ్యల నాయనా, డబ్బు తియ్యకు.

నీ బండి నులక మంచం కాదు, చెక్క బల్ల. బల్ల ఒక పక్కకి ఒరిగితే ముందు ఎంత ఒరుగుతుందో వెనకా అంతే ఒరుగుతుంది. నాలుగు మూలల్లో ఏ మూల స్ప్రింగు దిగినా ఆ పక్కంతా దిగినట్టే కనబడుతుంది, దానికి ఐమూలగా ఉన్న ఎదురు మూల కాస్త పైకి లేస్తుంది. అందుకే ముందు తక్కువ కనబడింది కాబట్టి ముందుదే తప్పు అనడానికి లేదు. మీ మెకానిక్ పడ్డ గోతిలోనే తంబీ పడ్డాడు.

నీళ్ళ_ట్యూబు · జూన్ 10, రాత్రి 9:31
మామగారి మాటకి లెక్క చూపిస్తా. ముందు కొలిచింది మడ్‌గార్డుల దగ్గర, వాటి మధ్య దూరం మీటరున్నర ఉంటుంది. వెనక కొలిచింది ఛాసిస్ పట్టీల దగ్గర, వాటి మధ్య ఎంతుందో చెప్పలేదు గానీ ఇలాంటి బండికి 90 సెంటీమీటర్లు అనుకుంటున్నా. అదే ఒరుగుడు వెడల్పు తక్కువ ఉన్న చోట తక్కువగా కొలతకొస్తుంది. 18ని 150తో భాగించి 90తో గుణించండి. 10.8. మీరు కొలిచింది 11.

అంటే ముందూ వెనకా ఒకే కోణంలో ఒరిగాయి. ఛాసిస్ మెలితిరిగి ఉంటే ఈ రెండూ ఇంత చక్కగా కలవవు. కాబట్టి ఆ యాక్సిడెంట్ మాట పక్కన పెట్టి ఈ రాత్రికి నిద్రపోండి. తూకంలో 40 కిలోల తేడా ఉంది, ట్యాంకూ బ్యాటరీ ఎడమ వైపే అయితే అందులో చాలా భాగం అక్కడే తేలిపోతుంది. బాక్సు నీళ్ళు తాగలేదు.

రొయ్యల_బండి · జూన్ 10, రాత్రి 9:44
ట్యాంకూ బ్యాటరీ రెండూ ఎడమవైపే సార్. పట్టీల మధ్య ఇప్పుడే టార్చి వేసుకుని కొలిచాను, 89 సెంటీమీటర్లు. మీకు దండం. మా ఇంటావిడకి కూడా చదివి వినిపించాను. మరి నాలుగింటిలో దొంగ ఎవరు?

స్పానర్_మామ · జూన్ 10, రాత్రి 10:10
దొంగని పట్టడానికి ఒక జాకీ చాలు. జాగ్రత్తగా చదువు.

ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు పెట్టు. ట్రాలీ జాకీ తీసుకుని వెనక ఇరుసు సరిగ్గా నడుమ పెట్టి లేపు. చక్రాలు రెండూ నేల నుంచి ఒక అంగుళం లేస్తే చాలు. ఇరుసు జాకీ మొన మీద తక్కెడ కాడలా అటూ ఇటూ ఊగేలా ఉండాలి. గింజుకుని నిలబడితే పరీక్ష లెక్కలోకి రాదు. ఇరుసు రెండు చివర్ల కింద స్టాండ్లు పెట్టు, కానీ ఆనకూడదు, ఒక వేలు మందాన సందు ఉండాలి. జాకీ జారితే అవే కాపాడేది. ఎవరినీ కిందికి దూరనివ్వకు. కొలతలన్నీ ముందు మడ్‌గార్డు దగ్గరే కాబట్టి దూరే పనీ లేదు.

ఇప్పుడు వెనక కమాన్ కట్టలకి బండిని ఎడమకో కుడికో వంచే బలం లేదు, ఎందుకంటే వాటి కింద ఇరుసే తక్కెడ అయిపోయింది. బండి నిటారుతనం మొత్తం ముందు రెండు టార్షన్ బార్ల చేతిలో ఉంటుంది. ముందు మడ్‌గార్డుల దగ్గర మళ్ళీ కొలువు. ఇంకా ఎడమకే ఒరిగి ఉంటే తప్పు ముందుది. నిటారుగా అయిపోతే తప్పు వెనకది.

దానికి ముందు ఇంకో చిన్న పని. యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఎడమ కుడి చక్రాల్ని కలిపే కడ్డీ) ఉంటే ఒక పక్క లింకు విప్పి పెట్టు. అది బరువు మొయ్యదు గానీ వంగిన లింకు ఉంటే బండిని మెలిపెట్టి ఉంచుతుంది. విప్పగానే ఎత్తు మారితే అదీ ఒక ఆధారమే.

మిషిగన్_మావయ్య · జూన్ 11, ఉదయం 5:02
ఇక్కడ డెట్రాయిట్ పక్కన ఉంటాను. మా దగ్గర చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. స్ప్రింగులు విరగడానికి సగం కారణం అదే. తుప్పు పట్టిన చోట చిన్న గుంట పడుతుంది, పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. రొయ్యల బండి అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఐసు కరిగిన నీళ్ళు ఎటు నుంచి కారతాయి?

రొయ్యల_బండి · జూన్ 11, ఉదయం 6:15
బాక్సుకి వెనక ఎడమ మూల కన్నం ఉంది అన్నా. అక్కణ్ణుంచే కారతాయి. ఎందుకు అడిగారో ఇప్పుడర్థమైంది. కింద ఎడమ కమాన్ కట్టే ఉంది.

పల్లెటూరి_పైలట్ · జూన్ 11, ఉదయం 6:40
రెండేళ్ళుగా ఎడమ కట్టకి రోజూ రొయ్యల పులుసు అభిషేకం!

రొయ్యల_బండి · జూన్ 11, రాత్రి 8:20
జాకీ పరీక్ష చేశాను. ఫలితం చూసి నాకేమీ పాలుపోవట్లేదు. రెండు సార్లు చేశాను, అదే వచ్చింది.

లింకు విప్పితే ఎత్తులో మార్పు లేదు. వెనక లేపాక ముందు కొలతలు: కుడి 449, ఎడమ 466.

మామగారూ, బండి కుడికి ఒరిగింది! నిటారుగా అవుతుందన్నారు, లేదా ఎడమకే ఉంటుందన్నారు. ఇదేంటి?

టార్షన్_తంబి · జూన్ 11, రాత్రి 8:33
టేపు తిరగేసి పట్టుకున్నావేమో బ్రో.

స్పానర్_మామ · జూన్ 11, రాత్రి 9:15
టేపు సరిగ్గానే పట్టుకున్నాడు. నేనే మూడో మాట చెప్పడం మర్చిపోయా. మీ మెకానిక్ ఎడమ టార్షన్ బార్ బిగించాడు కదా. అంటే ముందు ఎడమ భుజాన్ని బలవంతంగా పైకెత్తి పెట్టాడు. వెనక కట్టలు ఆటలో ఉన్నంతసేపు ఆ బలవంతం, వెనక ఎడమ కట్ట దిగుడూ ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉన్నాయి. వెనకని ఆటలోంచి తీసేసేసరికి ముందున్న బలవంతం ఒక్కటే మిగిలింది, బండి కుడికి పడింది.

అంటే ముందు ఎడమ బార్ బలహీనమైంది కాదు, దాన్ని అవసరానికి మించి మెలితిప్పారు. బలహీనం వెనక ఎడమ కట్టే. పది రోజులు నిటారుగా ఉండి మళ్ళీ దిగిందంటే వెనక ఉన్న పగులు ఆ పది రోజుల్లో పూర్తిగా విడిపోయి ఉంటుంది.

ఇంకో మాట అడుగుతా, నిజం చెప్పు. వాన పడ్డప్పుడు బ్రేకు కొడితే ముందు కుడి చక్రం జారుతోందా?

రొయ్యల_బండి · జూన్ 11, రాత్రి 9:22
అవును మామగారూ!! మొన్న ఉండి అనే ఊరి దగ్గర వానలో బ్రేకు వేస్తే కుడి ముందు టైరు బిగుసుకుని కీచుమంది. బ్రేకుల్లో లోపం అనుకుని ఆయిల్ మార్పించాను. మీకెలా తెలిసింది?

నీళ్ళ_ట్యూబు · జూన్ 11, రాత్రి 9:50
నాలుగు కాళ్ళ బల్లలో ఒక కాలి కింద అట్టముక్క పెట్టారనుకోండి. ఆ కాలి మీద బరువు పెరుగుతుంది, ఐమూలగా ఎదురు మూల కాలి మీదా పెరుగుతుంది, మిగతా రెండిటి మీదా తగ్గుతుంది. ముందు ఎడమ బిగిస్తే ముందు ఎడమ, వెనక కుడి బరువెక్కాయి. ముందు కుడి తేలికైంది. తేలికైన టైరుకి నేల మీద పట్టు తక్కువ, అదే మొదట బిగుసుకుంటుంది. కాటా మీద ఇది కనబడదు, ఎందుకంటే ఎడమ మొత్తం, కుడి మొత్తం పెద్దగా మారవు. ఒక్కో చక్రం విడిగా తూస్తేనే తెలిసేది.

అలైన్‌మెంట్_అన్న · జూన్ 11, రాత్రి 10:05
ఒప్పుకుంటున్నా. అలైన్‌మెంట్ చివరికే.

స్పానర్_మామ · జూన్ 11, రాత్రి 10:30
ఇక కట్ట విప్పించు. పైకి చూస్తే పట్టీలన్నీ బాగానే కనబడొచ్చు, మోసపోకు. చివర్లలో విరిగితే ఎవరికైనా కనబడుతుంది. నడుమ సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ కలిపి పట్టే బోల్టు) కన్నం దగ్గర విరిగితే పైన ప్లేటు, కింద ఇరుసు, కట్టని ఇరుసుకి బిగించే రెండు యూ బోల్టులు కలిసి దాన్ని దాచిపెడతాయి. యూ బోల్టులు వదులైన బండిలో పట్టీ అక్కడే విరుగుతుంది, ఎందుకంటే కన్నం ఉన్న చోట ఇనుము తక్కువ, వదులైతే వంపంతా అక్కడే పడుతుంది. కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే షాకిల్ పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయిందేమో కూడా చూడు, కట్ట చాచుకోవడానికి దారి లేకపోయినా ఎత్తు తేడా వస్తుంది.

కూకట్‌పల్లి_కారు · జూన్ 12, ఉదయం 7:10
మళ్ళీ నేనే. స్ప్రింగు జత మార్పించాను, దాంతోపాటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే చెయ్యి) రబ్బరు బుష్‌లు కూడా. ఇప్పుడు ముందు మొత్తం అంగుళం లేచి నిలబడింది, గుంతలో దిగితే గట్టిగా తగులుతోంది. కొత్త స్ప్రింగులు తప్పు సైజు అంటారా?

స్పానర్_మామ · జూన్ 12, ఉదయం 7:45
బుష్ బోల్టులు బండి లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగించారా? చాలామంది అలాగే చేస్తారు. ఆ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడే స్థితిలో బిగిస్తే నేల మీదికి దించాక ఆ రబ్బరు మెలిపడి బండిని పైకి తోస్తూనే ఉంటుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది కూడా. బోల్టులు వదులు చేసి, చక్రాల మీద నిలబెట్టి, బండిని నాలుగు సార్లు నొక్కి, అప్పుడు బిగించమను. ఖర్చు లేని పని. అప్పటికీ దిగకపోతే స్ప్రింగు మీది రంగు గుర్తులు చూద్దాం.

కూకట్‌పల్లి_కారు · జూన్ 12, రాత్రి 9:00
దిగింది! పావుగంట పని. వాళ్ళు డబ్బు అడగలేదు, మొహం మాత్రం మాడ్చుకున్నారు.

రొయ్యల_బండి · జూన్ 13, మధ్యాహ్నం 3:25
విప్పించాను. రెండో పట్టీ సరిగ్గా సెంటర్ బోల్టు కన్నం దగ్గర రెండు ముక్కలు. విరిగిన మొహం మీద సగం నల్లటి తుప్పు, సగం తెల్లగా మెరుస్తోంది. మూడో పట్టీకి కూడా వెంట్రుకంత పగులు. యూ బోల్టు నట్లు నేను చేత్తో పానా పట్టగానే తిరిగాయి, అంత వదులు. కుడి కట్ట శుభ్రంగా ఉంది.

మిషిగన్_మావయ్య · జూన్ 13, సాయంత్రం 4:10
నల్లగా ఉన్నది పాత పగులు, మెరిసేది తాజాగా విడిపోయింది. మామగారు చెప్పిన పది రోజుల కథ ఆ ముక్క మీద రాసి ఉంది.

రొయ్యల_బండి · జూన్ 13, సాయంత్రం 4:30
ఇక్కడ కమాన్ షాపు ఆయన రెండు దార్లు చెప్పాడు. ఒకటి, విరిగిన రెండు పట్టీలు మార్చి, మిగతావి కొలిమిలో కాల్చి వంపు కొట్టి ఇస్తాడు, రూ. 2,800. రెండోది, రెండు వైపులా కొత్త కట్టలు, రూ. 13,500. డబ్బు కష్టంగానే ఉంది. ఏం చెయ్యమంటారు?

టార్షన్_తంబి · జూన్ 13, సాయంత్రం 4:52
ఈసారి ఆలోచించే చెబుతున్నా. లోను మీద ఉన్నవాడికి 13,500 చిన్న మాట కాదు. మా నాన్న లారీకి ఇరవయ్యేళ్ళు వంపు కొట్టించే నడిపారు. చేతివాటం ఉన్న మనిషి దొరికితే మొదటిదే చాలు.

స్పానర్_మామ · జూన్ 13, సాయంత్రం 5:40
మీ నాన్నగారి కాలంలో కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ తగినంత వేడిచేసి పదును తెచ్చేవాళ్ళుండేవారు తంబీ. అలా చేసే కొలిమి ఇప్పటికీ అక్కడ ఉంటే నేనూ ఒప్పుకుంటా. గ్యాసు మంటతో ఎర్రగా చేసి సుత్తితో కొట్టి గాలికి ఆరేస్తే మాత్రం పట్టీకి పదును పోతుంది. వారం రోజులు ఎత్తుగా ఉంటుంది, తర్వాత వడియంలా కూర్చుంటుంది. షాపాయన్ని అడుగు, కాల్చాక నూనెలో వేస్తాడా లేదా అని. సమాధానం తడబడితే బయటికొచ్చెయ్.

ఇంకో మధ్యేమార్గం ఉంది. ఎడమకి కొత్త కట్ట వేసి కుడి పాతది ఉంచడం. అది మాత్రం వద్దు. రెండేళ్ళు లోడు మోసిన కుడిది ఎంతో కొంత దిగి ఉంటుంది, ఈసారి బండి కుడికి ఒరిగి మళ్ళీ ఇక్కడికే వస్తావు. కుడి కట్టలో మంచి పట్టీలు మాత్రం పారెయ్యకు, ఎవరికైనా అమ్ముడుపోతాయి. యూ బోల్టులు పాతవి వాడకు. కొత్తవి వేసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించు.

ఐసు_ఫ్యాక్టరీ · జూన్ 13, సాయంత్రం 6:05
కన్నానికి ఒక రబ్బరు పైపు తగిలించి, ఛాసిస్ దాటి వెనక చక్రం అవతలికి వదలండి. ఇక్కడ అందరం అదే చేస్తాం. పని నుంచి రాగానే మంచినీళ్ళతో అడుగు కడగండి. ఉప్పునీటి చెరువుల రొయ్యలైతే ఆ ఐసు నీళ్ళలో ఉప్పు ఎంతుంటుందో మీకు తెలియంది కాదు. కారే నీళ్ళు రోడ్డు మీద పడితే వెనక టూ వీలర్ల వాళ్ళు జారతారు, అందుకని వీలైతే పైపు చివర ఒక డబ్బా కట్టండి.

రొయ్యల_బండి · జూన్ 16, రాత్రి 9:10
షాపాయన్ని నూనె గురించి అడిగా. "నీకెవరు చెప్పారు ఇవన్నీ" అన్నాడు. బయటికొచ్చేశా. రెండు కొత్త కట్టలు, కొత్త యూ బోల్టులు వేయించాను. మా బావమరిది సగం సర్దాడు. బండి ఇప్పుడు కుడికి ఒరిగింది, మీరు చెప్పినట్టే. ఎడమ టార్షన్ బోల్టు వెంటనే వదులు చెయ్యనా?

స్పానర్_మామ · జూన్ 16, రాత్రి 9:35
కొత్త కట్టలు కూర్చునేదాకా ఒక 300 కిలోమీటర్లు ఆగమనేవాణ్ణి. కానీ నీ ముందు కుడి చక్రం తేలికగా ఉంది, వానాకాలం. ఇప్పుడే చెయ్యి. ముందు ఎడమ బోల్టుకి, మరకి పెయింటుతో గీత పెట్టు, తప్పు జరిగితే వెనక్కి రావడానికి. ఛాసిస్‌ని జాకీతో లేపి చక్రం వేలాడనిచ్చి బార్ మీద బిగువు తగ్గాకే బోల్టు తిప్పు. బరువు మీద తిప్పితే మరలు చెడిపోతాయి. రెండు చుట్లు వదులు చెయ్యి, దించు, బండిని పది అడుగులు ముందుకీ వెనక్కీ తోసి, బంపరు మీద నాలుగు సార్లు నొక్కి, అప్పుడు కొలువు. దించగానే కొలిచిన కొలత అబద్ధం చెబుతుంది. వెనక మళ్ళీ తక్కెడ చేసి, ముందు రెండు పక్కలా సమానం వచ్చేదాకా ఇలాగే.

రొయ్యల_బండి · జూన్ 17, రాత్రి 8:45
ఎడమ బోల్టు ఆరున్నర చుట్లు వదులు చేస్తే సమానం వచ్చింది. ఇవాళ్టి కొలతలు, నాలుగు చక్రాలూ నేల మీద, ఖాళీ బండి: ముందు కుడి 460, ఎడమ 457. వెనక కుడి 188, ఎడమ 186. నేను సీట్లో కూర్చుంటే ముందు రెండూ ఇంచుమించు ఒక్కటే. వచ్చే వారం యూ బోల్టులు మళ్ళీ బిగించి, ముందు ఇంకోసారి కొలిచి, అప్పుడు అలైన్‌మెంట్‌కి వెళ్తాను.

ఎడమ ముందు టైరు లోపలి అంచు అరిగిపోయింది, అది మాత్రం మార్చక తప్పదు.

అలైన్‌మెంట్_అన్న · జూన్ 17, రాత్రి 8:58
అలైన్‌మెంట్‌కి ముందే టైరు మార్చు. ఈ ఒక్కటీ నా మాట వినండి.

స్పానర్_మామ · జూన్ 17, రాత్రి 9:04
ఇది వినొచ్చు.

రొయ్యల_బండి · జూన్ 26, సాయంత్రం 5:50
అలైన్‌మెంట్ అయింది. నిన్న భీమవరం నుంచి విశాఖ లోడు తోలాను, దారంతా వాన, తుని దగ్గర గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చింది, బండి గీత గీసినట్టు ఆగింది. పైపు తగిలించాను, డబ్బా ఇంకా కట్టలేదు. మా మెకానిక్ ఇవాళ ఇంటికొచ్చి "ఆ జాకీ పరీక్ష ఏంటో నాకూ చూపించు, నా దగ్గరకి ఒక స్కూలు వ్యాను వచ్చింది, కుడికి ఒరుగుతోంది" అన్నాడు. రేపు పొద్దున టేపు, ట్యూబు పట్టుకుని వెళ్తున్నా.